సర్పగంధి వేరు: కలకత్తాలో మొదలైన ప్రశ్న

తలనొప్పికి మాత్ర వేసుకుంటే కొన్ని గంటలు ఉపశమనం ఉంటుంది. ఈలోగా కాలేయం ఆ మందును మార్చివేస్తుంది, మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి, నొప్పి మళ్లీ రావచ్చు. కాబట్టి మందు ఒంట్లో ఉన్నంతసేపే దాని ప్రభావం ఉంటుందని మీరు అనుకోవడం సహజం. అలా కాని మందు ఒకటుంది. దాని కథ కలకత్తాతో ముడిపడి ఉంది.

1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు కలకత్తా వైద్యులు ‘ఇండియన్ మెడికల్ వరల్డ్’ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. సేన్ ఆయుర్వేద పండితుడు, పాశ్చాత్య వైద్యమూ చదివినవాడు. వారు పరిశీలించింది సర్పగంధి వేరును. బీహారులో దీన్ని ‘పాగల్ కీ దవా’, అంటే పిచ్చికి మందు అనే పేరుతోనే అమ్మేవారు. రోజుకు 20 నుంచి 30 గ్రెయిన్ల పొడి (సుమారు 1.3 నుంచి 2 గ్రాములు) ఇస్తే ఉద్రేకంతో ఊగిపోయే రోగి శాంతించి నిద్రపోతున్నాడనీ, రక్తపోటు కూడా తగ్గుతోందనీ వారు రాశారు. ఒకే వేరు అటు మనసుమీద, ఇటు రక్తనాళాలమీద ఎలా పనిచేస్తుంది? దీనికి జవాబు చెప్పగల సాధనాలు అప్పటికి ఎక్కడా లేవు.

1952లో స్విట్జర్లాండులోని సీబా కంపెనీ శాస్త్రజ్ఞులు ఆ వేరునుంచి రిసర్పిన్‌ను వేరుచేశారు. అమెరికాలో బెర్నార్డ్ బ్రోడీ బృందం దాన్ని కుందేళ్లకు ఇచ్చి చూసింది. మెదడులో సెరటోనిన్ తరిగిపోయింది. అంతకంటె వింత 1956లో వెల్లడైంది: మెదడులో మందు జాడ కనిపించకుండా పోయిన తరువాత కూడా కుందేళ్లు మందకొడిగానే ఉన్నాయి!

కారణం ఇప్పుడు మనకు తెలుసు. నాడీకణం చివర సన్నని సంచులుంటాయి. సెరటోనిన్, డోపమైన్, నార్‌అడ్రినలిన్‌లను ఆ సంచుల్లోకి తోడే పంపులాంటి ప్రోటీన్ ఒకటుంది. రిసర్పిన్ ఆ ప్రోటీన్‌కు అంటుకుంటే ఇక దాదాపు వదలదు. సంచిలోకి చేరలేని రసాయనాలను కణంలోని ఎంజైములు నాశనం చేస్తాయి. మెదడులో ఇది జరిగితే మనిషి నెమ్మదిస్తాడు. రక్తనాళాలను బిగించే నాడుల్లో జరిగితే నాళాలు సడలి రక్తపోటు తగ్గుతుంది. 1931నాటి ప్రశ్నకు జవాబు ఇదే.

మిగతా రిసర్పిన్ సంగతి మామూలే. ఎంజైములు దాన్ని రెండు ముక్కలుగా తెంచుతాయి, శరీరం విసర్జిస్తుంది. అంటుకున్న ఆ కాస్త మాత్రం మిగులుతుంది. కొత్త సంచులు నాడీకణంలో తయారై నాడి చివరివరకు ప్రయాణించి రావాలి. అందుకు రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది.

ఇలా మందగించిన జంతువులకు స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ 1957లో ఎల్-డోపా ఇచ్చాడు. శరీరంలో డోపమైన్‌గా మారే పదార్థమిది. అవి కొద్దిసేపటికే లేచి కదిలాయి. పార్కిన్సన్ వ్యాధికి ఎల్-డోపా చికిత్స రావడానికి ఈ ప్రయోగం దారితీసింది. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

వైద్యులకు మాత్రం ఇదే గుణం చిక్కు తెచ్చిపెట్టింది. రక్తపోటుకు రిసర్పిన్ వాడిన కొందరు తీవ్రమైన దిగులులో పడినట్లు 1950లలో వార్తలు వచ్చాయి. దానికి మందే కారణమా అనే వాదన నేటికీ తెగలేదు. కానీ అటువంటి రోగికి మందు ఆపిన మర్నాడే దాని ప్రభావం పోయే అవకాశం లేదు. నాడుల్లో సంచులు మళ్లీ నిండేదాకా ఆగవలసిందే.