చూలు రాకముందే అడగాల్సిన మాట

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని మనవాళ్లు వెక్కిరిస్తారు. కడుపు పండకముందే లెక్కలు వేసేవాణ్ణి చూసి నవ్వుకోడానికి పుట్టిన సామెత అది. కానీ ఊళ్లు పట్టుకు తిరిగే ఉద్యోగం చేసే ఆడపిల్ల ఆ లెక్క ముందే వేసుకోక తప్పదు.

మా అక్క కూతురు కర్నూల్లో నర్సు. పెళ్లయి రెండేళ్లయింది. ఈమధ్య పల్లెలకు వెళ్లే వైద్యబృందంలో పని దొరికింది. పొద్దున బండెక్కితే ఆలూరు, పత్తికొండ వైపు పల్లెలన్నీ తిరిగి, చీకటిపడ్డాక ఇల్లు చేరాలి. జీతం ఇప్పటికన్నా మేలే. కాకపోతే ఏడాది ఒప్పందం. "బిడ్డను కనాలనుకుంటా ఉన్నాము చిన్నమ్మా. ఇందులో చేరాల్నా, వద్దా?" అని అడిగింది.

ఈ ప్రశ్న దాని ఒక్కదానిదే కాదు. దీని వెనక పెద్ద చరిత్రే ఉంది.

పూర్వం పల్లెల్లో ఈ చిక్కు అంతగా లేదు. కడప జిల్లాలో జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలాంటివి వచ్చేదాకా కాన్పంటే మంత్రసానే. ఆమె తరచుగా నడివయసు దాటిన మనిషి. తన కాన్పులు అయిపోయి, పిల్లలు చేతికందాక ఇల్లిల్లూ తిరిగేది. అర్ధరాత్రి తలుపు తట్టినా ఆమె ఒళ్లో చంటిబిడ్డ ఉండేది కాదు.

చదువుకున్న వైద్యం వచ్చాక లెక్క మారింది. కర్నూలు, కడప జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1875లో, మద్రాసు వైద్య కళాశాల ఆడవాళ్లకు తలుపు తీసింది. మొదట చేరిన నలుగురిలో ఒకరైన మేరీ షార్లీబ్ అప్పటికే ముగ్గురు పిల్లల తల్లి. 1878లో చదువు ముగించి, లండన్లో పైచదువు చదివి, 1885లో మద్రాసులో గోషా స్త్రీలకోసం ఆసుపత్రి పెట్టింది. బిడ్డలున్నంత మాత్రాన వైద్యం ఆగలేదన్నమాట. అయితే ఆమె భర్త బారిస్టరు. నెలజీతం మీద బతికే నర్సుకు ఆ అండ ఎక్కడిది?

స్వాతంత్ర్యం వచ్చాక, 1952 నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు వెలిశాయి. 1973లో కర్తార్ సింగ్ కమిటీ, ఎ.ఎన్.ఎమ్.లను బహుళ ప్రయోజన కార్యకర్తలుగా మార్చమంది. మైదాన ప్రాంతంలో 5,000 మందికి ఒక ఉపకేంద్రమని లెక్క. కాగితం మీద చిన్న అంకెే! మన సీమలో ఆ అయిదువేలమందీ ఒక్కచోట ఉంటారా? ఊరికీ ఊరికీ మధ్య బీళ్లూ, గుట్టలూ, ఎండా. వాటిని దాటింది చిన్న వయసు ఆడపిల్లలే. టీకాలూ, కాన్పులూ, కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం, అన్నీ ఆమె సంచిలోనే. ఎవరికి ఎన్నో నెలో రిజిస్టరులో రాసుకునే ఆ పిల్లకు, తనకే నెలలు నిండితే?

కొన్నిచోట్ల పెళ్లి దగ్గరే దారి మూసేశారు. మిలటరీ నర్సింగ్ సర్వీసులో 1977 నాటి నిబంధన ఒకటుండేది. సికిందరాబాదు మిలటరీ ఆసుపత్రిలో పనిచేస్తున్న లెఫ్టినెంట్ సెలీనా జాన్‌ను పెళ్లి చేసుకుందని 1988లో కొలువునుంచి పంపేశారు. ఆ నిబంధన 1995లో పోయింది. ఆమెకు మాత్రం సుప్రీంకోర్టులో న్యాయం దక్కింది 2024 ఫిబ్రవరిలో. 60 లక్షల రూపాయలు ఇవ్వమన్నారు. పోయిన ముప్పయ్యారేళ్ల ఉద్యోగాన్ని ఎవరు ఇస్తారు చెప్పండి!

ప్రసూతి సెలవు చట్టం 1961లో వచ్చింది. అప్పుడు 12 వారాలు. 2017లో, మొదటి ఇద్దరు బిడ్డలకు, 26 వారాలయింది. కాన్పు తేదీకి ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. ఒప్పందం గడువు తీరిపోయినా ఈ హక్కు పోదని 2023లో సుప్రీంకోర్టు ఒక కాంట్రాక్టు డాక్టరు కేసులో తేల్చింది. ఇంకో మంచి మాట కూడా చట్టంలో ఉంది. నెలలు నిండే వేళ బరువు పనీ, గంటల తరబడి నిలబడే పనీ చెప్పకూడదు. అయితే ఆమె అడిగితేనే!

అసలు కిటుకంతా ఆ "అడిగితేనే" అన్న మాటలో ఉంది. మన ఆడపిల్లలకు మందులిచ్చే చదువు చెప్పాం గానీ, అడిగే చదువు చెప్పలేదు.

అందుకని మా పిల్లకు "చేరు" అనలేదు, "వద్దు" అనీ అనలేదు. సంతకానికి ముందు మూడు సంగతులు అడగమన్నాను. సెలవుకు జీతం ఎవరిస్తారు? కడుపుతో ఉన్న ఆఖరి నెలల్లో బండి దిగి కూర్చుని చేసే పని ఉందా? తను లేని ఆరునెలలూ ఆ బండిలో ఎవరు వెళ్తారు?

మొదటి రెండూ దానికోసం. మూడోది ఆ పల్లెల్లో కాన్పుకు ఎదురుచూసే తల్లులకోసం. ఆ మూడో ప్రశ్నకు జవాబు సిద్ధంగా లేనంతకాలం, ఉద్యోగమా బిడ్డా అని నర్సునే నిలదీస్తూ ఉంటాం.