నిచ్చెనకు చుట్టాలు

నిచ్చెన మెట్టును ఆంగ్లములో ‘రంగ్’ అంటారు. తెలుగు పిల్లలకు ఈ మాట వినగానే రంగు స్ఫురిస్తుంది. కొంచెం చదివినవారికి గంట మ్రోగుట అనే అర్థముగల ‘రింగ్’ క్రియ యొక్క భూతకాల రూపము గుర్తుకు వస్తుంది. ఈ రెంటితోనూ దానికి చుట్టరికము లేదు.

ప్రాచీనాంగ్లములో దీని రూపము ‘హ్రుంగ్’. ఆదిలోని హకారము కాలక్రమమున లోపించినది. అర్థము కర్ర, దుడ్డు, దండము. క్రీస్తుశకము 4వ శతాబ్దిలో వుల్ఫిలా గోతిక భాషలోనికి బైబిలును అనువదించినప్పుడు, శిష్యులు ప్రయాణమునకు తీసికొనిపోదగిన చేతికర్రకు ‘హ్రుగ్గ’ అన్న పదమునే వాడినాడు. జర్మను భాషలో ‘రుంగె’ అంటే బండికి ప్రక్కన నిలిపే గుంజ. స్కాట్లండువారికి ‘రంగ్’ నేటికీ దుడ్డుకర్రే! నిచ్చెనకు సంబంధించిన అర్థము 13వ శతాబ్ది చివరికి గాని స్థిరపడలేదు. కుర్చీ కాళ్లను కలిపే అడ్డకర్రకు కూడా అదే పేరు.

అనగా ఆంగ్లేయుడు కర్రను చూచి పేరు పెట్టినాడు; తెలుగువాడు పాదమును చూచి పెట్టినాడు. మెట్టు అంటే త్రొక్కు. త్రొక్కబడేది మెట్టు, అడుగుపెట్టిన ఇల్లు మెట్టినిల్లు. కన్నడములో మెట్టిలు అన్నా ఇదే. అయితే మెట్ట భూమిని ఇందులో కలుపరాదు. అది ఎత్తు అనే అర్థముగల తమిళపు ‘మేడు’తో చేరుతుంది. (మా నిజాంసాగరు కాలువల ప్రాంతములో మెట్టకు సర్కారు కాగితాలలో ఖుష్కీ అనీ, మాగాణికి తరి అనీ పారసీక నామాలు. 2016లో మండలమైన మా నస్రుల్లాబాదు పేరులోనే అరబ్బీ, పారసీకములు రెండూ కలిసి కాపురమున్నవి. ఇక్కడివారికి మాటల వలస కొత్త కాదు.)

అసలు విశేషము నిచ్చెనలో ఉన్నది. సంస్కృతములో నిశ్శ్రేణి, నిశ్శ్రయణి అని రూపాలు. ప్రాకృతములో నిస్సేణి, తెలుగు తద్భవము నిచ్చెన, గుజరాతీలో నిసరణి. నిశ్శ్రయణిలోని ‘శ్రి’ ధాతువునకు ఆనుకొనుట అని అర్థము. ఆశ్రయము అన్న మాటలో ఉన్నదీ ఆ ధాతువే. సంస్కృత శకారమునకు గ్రీకులో కకారము, ఆంగ్లములో హకారము రావడము భాషాశాస్త్రజ్ఞులు గుర్తించిన నియమము. మన శతము లాటినులో కెంటుం, ఆంగ్లములో హండ్రెడ్ అయినట్లు. ఆ లెక్కన గ్రీకు ‘క్లీమాక్స్’, ప్రాచీనాంగ్లపు ‘హ్లేడర్’ ఈ ధాతువు ఇంటివే. రెండింటికీ అర్థము నిచ్చెన. రెండవది నేటి ల్యాడర్. మొదటిది అలంకారశాస్త్రములో మన సారాలంకారము వంటిదానికి పేరై, చివరకు సినిమా చివరి పోరాటమునకు అతుక్కున్నది. గోడకు ఆనేది కనుక నిచ్చెన. ఇన్ని భాషలవారూ ఆ ఒక్క లక్షణమునే పట్టుకొన్నారు.

అమరకోశము ఇక్కడ మంచి వివేకము చూపినది. ఆరోహణము, సోపానము ఒక జంట. నిశ్శ్రేణి, అధిరోహిణి మరొక జంట. మొదటిది కట్టడము, రెండవది ఎత్తి ఆనించేది. మన అనువాదకులు ఈ భేదమును విడిచి ‘రంగ్’ కనబడగానే మెట్టు అని వ్రాస్తారు. దీనివల్ల నష్టమున్నది. సమాజములో ‘అట్టడుగు మెట్టు’ అని పత్రికలు తరచుగా వ్రాసే మాటనే చూడండి. రాతిమెట్ల వరుసలో అట్టడుగుది నేలను తాకియే ఉంటుంది. దానికి క్రింద ఎవరూ ఉండరు. నిచ్చెనలో అలా కాదు. మొదటి కర్ర నేలకు జానెడో మూరెడో పైన ఉంటుంది. దానిని కూడా అందుకోలేక నేలమీదే నిలిచినవారు ఉంటారు. సొంత చెక్క లేని కౌలుదారుని, కౌలుకైనా నోచని కూలీని ఒకే మెట్టు మీద నిలబెట్టే వాక్యము ఈ తేడాను మింగివేస్తున్నది. అక్కడ ‘నిచ్చెన తొలికర్ర’ అని వ్రాసితే చాలు. పల్లెలో అడ్డకర్ర ఊడితే ‘నిచ్చెన కర్ర ఊడింది’ అంటే అందరికీ తెలియును. హ్రుంగ్ అన్న మాటకు ఇంతకన్న దగ్గరి తెలుగు నాకు కనబడలేదు.

పండితులూ అప్పుడప్పుడు ఈ రెంటినీ కలిపినవారే. వైకుంఠపాళికి పరమపద సోపాన పటమని పేరు పెట్టినారు. పటము విప్పి చూస్తే సోపానము ఒక్కటీ ఉండదు, అన్నీ నిచ్చెనలే.