షాంపూయి: ఓటూ, వరదా

ఓరెగన్‌లో పోర్ట్‌లాండ్, హిల్స్‌బరో చుట్టుపక్కల ఉండే మనవాళ్ళకి షాంపూయి పార్కు కొత్తేమీ కాదు. వేసవి రాగానే పులిహోర, పెరుగన్నం కట్టుకుని, గుడారాలు కార్లో పడేసుకుని గంటలోపు చేరిపోతారు. విల్లమెట్ నది ఒడ్డున చిన్న పడవలు కట్టే రేవు, పెద్ద చెట్లు, విశాలమైన పచ్చిక. ఒకప్పుడు ఆ పచ్చిక మీద ఒక ఊరుండేది.

హడ్సన్స్ బే కంపెనీలో బొచ్చు జంతువుల్ని వేటాడి విరమించుకున్న ఫ్రెంచి కెనడా వాళ్ళు, స్థానిక తెగల స్త్రీలని పెళ్ళాడి 1830ల్లో ఇక్కడ గోధుమ పండించారు. పంట ఈ రేవు నుంచే పడవల్లో వెళ్ళేది. అప్పటికింకా ఈ నేల అమెరికాదా, బ్రిటన్‌దా తేలలేదు. తోడేళ్ళ బెడద గురించి మొదలైన సమావేశాలు చివరికి ప్రభుత్వం దాకా వచ్చాయి! 1843 మే 2న ఇక్కడ చేరినవాళ్ళు తాత్కాలిక ప్రభుత్వం కావాలని తేల్చారు. 52 మంది అటు, 50 మంది ఇటు అంటారు. అది తర్వాతి జ్ఞాపకాల మీద కట్టిన లెక్క కనక చరిత్రకారులు పూర్తిగా నమ్మరు. అయినా 1901లో రాతిస్తంభం నిలబెట్టి, అవునన్నవాళ్ళ పేర్లు చెక్కారు.

1861 డిసెంబరులో విల్లమెట్ పొంగి ఊరిని ఊడ్చేసింది. మెరక మీదున్న రాబర్ట్ న్యూవెల్ ఇల్లు మిగిలింది. ఆ తర్వాత ఊరు కోలుకోనే లేదు; కాస్తో కూస్తో మిగిలినదాన్ని 1890 వరద పట్టుకుపోయింది. 1986 గోదావరి వరద చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. భద్రాచలం దగ్గర నీరు 75.6 అడుగులకి చేరింది. కాకపోతే మన లంకల్లో జనం మళ్ళీ వెళ్ళి ఇళ్ళు కట్టుకున్నారు. ఇక్కడ నేలని నదికే వదిలేశారు. పాత వీధులు ఎక్కడుండేవో చూపే గుర్తులు మాత్రం పచ్చిక మధ్య పాతారు.

నాకు అన్నిటికన్నా పట్టేది, ఆ రాతి మీద లేనివాళ్ళ సంగతి. వీళ్ళందరికన్నా ముందు ఈ లోయ కలపూయా జాతిది. ఏటా గడ్డి మైదానాలకి నిప్పు పెట్టి నేలని కాపాడుకుంటూ, కామస్ దుంపలు తవ్వి గుంటల్లో కాల్చుకు తిన్న జనం. 1830ల్లో వచ్చిన జ్వరాలకి వాళ్ళలో అత్యధికులు పోయారు. 1843లో వాళ్ళని ఎవరూ ఓటడగలేదు. 1855 ఒప్పందంతో నేల పోయింది, మరుసటి ఏడు మిగిలినవాళ్ళని పడమటి కొండల్లోని గ్రాండ్ రాండ్‌కి తరలించారు. అక్కడా నిలవనివ్వలేదు: 1954లో ప్రభుత్వం వాళ్ళ తెగల గుర్తింపునే రద్దు చేసింది. దాన్ని తిరిగి సంపాదించుకోడానికి 1983 దాకా పట్టింది.