రహీం సాబ్ ఊరి పదకొండు మంది

పాతబస్తీలో ఆట తెలిసిన పెద్దలు నలుగురు చేరితే ఈ చర్చ రాక మానదు: అన్ని కాలాల్లోంచీ ఏరి హైదరాబాద్ ఫుట్‌బాల్ జట్టు కట్టాలంటే ఎవరెవరు? కోచ్ దగ్గర మాత్రం పేచీ ఉండదు. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బాధ్యత తీసుకున్నారు. ఆ ఏడాది మొదలు 1954 దాకా ఆ జట్టు వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచింది. ఆసియా క్రీడల్లో భారత్ గెలిచిన రెండు ఫుట్‌బాల్ స్వర్ణాలూ (1951, 1962) ఆయన కోచ్‌గా ఉండగా వచ్చినవే.

చిక్కంతా ఆటగాళ్ల దగ్గరే. ఆ రోజుల్లో మన దేశంలో మ్యాచ్ 70 నిమిషాలే. బూట్లు లేకుండా ఆడేవాళ్లూ ఉండేవారు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యాకే బూట్లు తప్పనిసరి అయ్యాయి. అలాంటి కాలం వాళ్లను 90 నిమిషాల ఆటలో నిలబెట్టి 1970ల వాళ్లతో పోల్చడం ఎలా? నా మటుకు నేను ఎవరి కాలంలో వాళ్లు ఎంత ముందున్నారన్నదే చూస్తాను.

గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్. సెంటర్ ఫార్వర్డ్‌గా మొదలై గోల్‌లోకి మారిన సైనికుడు, 1958లో ఆసియాలోనే ఉత్తమ గోల్‌కీపర్. ఆయన ముందు అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, నయీముద్దీన్, నూర్ మహమ్మద్. నూర్ అసలు హాఫ్‌బ్యాక్. నాటి హాఫ్‌బ్యాక్ చేసిన పని ఇప్పుడు ఇద్దరు ముగ్గురికి పంచేశారు కాబట్టి ఆయన్ను కాస్త వెనక్కి జరిపాను. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు నాయకుడు నయీమే. ఇక్కడా కెప్టెన్సీ ఆయనదే. మధ్యలో యూసుఫ్ ఖాన్, విక్టర్ అమల్‌రాజ్. ముందు వరసలో జుల్ఫికరుద్దీన్, హబీబ్, షబ్బీర్ అలీ, బలరాం.

తులసీదాస్ బలరాంది సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ. అక్కణ్నుంచి నగరానికి వచ్చి ఆడే స్తోమత లేదంటే సైకిల్ అద్దెకు రహీం సాబే డబ్బులిచ్చారు. ఆ కుర్రాడే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా, పెరూ మీదా గోల్ కొట్టాడు. అనారోగ్యంతో ముప్పై దాటకముందే ఆట మానేయాల్సి వచ్చింది. అయినా నా జట్టులో ముందు రాసుకునే పేరు ఆయనదే. హబీబ్ కలకత్తాలోని మూడు పెద్ద క్లబ్బులకూ ఆడాడు. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన కాస్మోస్‌తో మోహన్ బగాన్ 2-2గా నిలిచిన మ్యాచ్‌లో ఒక గోల్ ఆయనదే. షబ్బీర్ అలీ నాయకత్వంలో 1974 ఆసియా యూత్ టైటిల్‌ను ఇరాన్‌తో పంచుకున్నాం.

ఇంతమంది ఒకే ఊళ్లో ఎలా తయారయ్యారంటే, జవాబు రహీం పెట్టించిన విచిత్రమైన టోర్నమెంట్లలో కొంత దొరుకుతుంది. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం: బంతి అందగానే పాస్ ఇవ్వాల్సిందే. ఇంకోదాంట్లో వాటం లేని కాలితోనే ఆడాలి. వాటం కుడికాలైనవాడు ఎడమకాలితో తంటాలు పడుతుంటే చూసేవాళ్లకు నవ్వొచ్చేదేమో గానీ, రెండు కాళ్లూ పనిచేసే ఆటగాళ్లు అలాగే తయారయ్యారు. ఇక పోలీసు ఉద్యోగం వాళ్లకు తిండి పెట్టింది. 1956-57, 1957-58 సంతోష్ ట్రోఫీలు రెండూ హైదరాబాద్‌వే.

రహీం 1963లో క్యాన్సర్‌తో పోయారు. మంచి ఆటగాళ్లు ఒక్కొక్కరే కలకత్తా బాట పట్టారు. ఊరికి క్రికెట్ పిచ్చి పట్టుకుంది. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది, సంతోషమే. కానీ ఆ జట్టులో ఎక్కువమంది బయటి ఊళ్లవాళ్లే. ఆ ఫ్రాంచైజీ కూడా 2025లో ఢిల్లీకి తరలిపోయింది. బార్కాస్‌లో పిల్లలు ఇప్పటికీ బంతి ఆడుతూనే ఉన్నారు. వాళ్లకు లేనిది రహీం లాంటి మాస్టారు, ఆటను నమ్ముకుంటే దొరికే ఉద్యోగం.

నా పదకొండు మందిలో 1990 తర్వాత ఆట మొదలుపెట్టినవాడు ఒక్కడూ లేడు. మీ జట్టులో అలాంటి పేరు ఒక్కటి పెట్టగలిగితే, ఎవరి స్థానంలో పెట్టారో కూడా చెప్పండి.