జిగురుతో ఎగిరిన విమానం

రైట్ సోదరులంటే అందరికీ 1903 డిసెంబర్ 17 గుర్తొస్తుంది. నాకు మాత్రం అంతకుముందు నెలే ఇష్టం. కిట్టీహాక్ లో ఇంజిన్ తిప్పి చూస్తే ప్రొపెల్లర్ షాఫ్టుల మీద చైన్ స్ప్రాకెట్లు నిలవట్లేదు. ఎంత బిగించినా నట్లు వదులే! చివరికి సైకిల్ టైర్లు అతికించే జిగురు మరల్లోకి పోసి బిగించారు. సైకిల్ షాపు వాళ్ళు కదా మరి.

నిజానికి తప్పు వాళ్ళ బిగింపుది కాదు. నట్టుని పట్టి ఉంచేది రాపిడే. అడ్డంగా అదిరితే ఆ పట్టు జారిపోతుందని గెర్హార్డ్ యుంకర్ ప్రయోగాలు చేసి చెప్పింది 1969లో, అంటే మనిషి చంద్రుడి మీద దిగిన ఏడాది! విమాన మెకానిక్కులు అప్పటికే ఎన్నో ఏళ్ళుగా బోల్టు తలకి బెజ్జం వేసి తీగ కడుతున్నారు. కారణం తర్వాత దొరికింది, మందు ముందే దొరికింది.

రేసు బైకుల వాళ్ళు ఆ బెజ్జాలు ఇంట్లోనే వేసుకుంటారు. పంచ్ తో గుర్తు పెట్టి, ఒకటిన్నర మిల్లీమీటర్ల బిట్టుతో, నూనె చుక్కలు వేస్తూ నిదానంగా దింపాలి. అవతలివైపు బయటపడేటప్పుడే బిట్టు పుటుక్కుమంటుంది. బెజ్జం అంచులు నున్నగా చెయ్యకపోతే తీగని కోసేస్తాయి.

ఒక్క మాట. తీగ బోల్టుని బిగించదు, ఊడి పడిపోకుండా ఆపుతుంది.  ఎప్పుడూ బిగిసే వైపుకే లాగేలా కట్టాలి. రెండు బోల్టుల్ని కలిపి కడితే, ఒకటి వదులవ్వబోతే రెండోదాన్ని బిగించే వైపుకి లాగుతుంది.