దశకుమార కథలలో జన్మాంతర ప్రణయము – ఆంధ్రనగర సరస్సు

దశకుమార కథలందు ఇద్దరు రాజకన్యల ప్రణయ వృత్తాంతములు కలిపి చదువదగినవి. ఒకటి ఉజ్జయినిలోని అవంతిసుందరి కథ; రెండవది ఆంధ్రనగరమున ముగిసిన కనకలేఖ కథ. మొదటిదానికి పూర్వజన్మస్మృతియు, రెండవదానికి యక్షావేశ దేహపరివర్తనములును మూలము. ఈ అద్భుతములు కేవలము వినోదమునకై చేరినవా, లేక కథలో వానికి వేరు ప్రయోజనము కలదా యన్నది మేమిచట పరిశీలింపదలచిన విషయము.

ముందుగా ఒక మాట. అవంతిసుందరి వృత్తాంతము గల పూర్వపీఠిక దండి రచన కాదని పలువురు పండితుల అభిప్రాయము. 1924లో మానవల్లి రామకృష్ణకవి ‘అవంతిసుందరీకథ’ను ప్రకటించిన పిదప ఈ చర్చ మరింత విస్తరించినది. అయినను 13వ శతాబ్దిలో ‘అభినవదండి’ మూలఘటిక కేతన తెనిగించి తిక్కనకు అంకితమిచ్చిన ‘దశకుమార చరిత్రము’న రెండు కథలును ఒకే కావ్యమున నిలిచినవి. కావున తెలుగు పాఠకుని దృష్టితో వీనిని పోల్చుట అనుచితము కాదు.

మగధరాజు రాజహంసుడు మాళవపతి మానసారునిచే ఓడి వింధ్యారణ్యమున తలదాచుకొనెను. అతని కుమారుడు రాజవాహనుడు, మానసారుని కూతురు అవంతిసుందరి. వసంతోత్సవమున ఇరువురును కలిసిన తరుణమున ఒక హంస దరికి వచ్చెను. చెలికత్తె దానిని పట్టబోగా రాజవాహనుడు వారించి, పూర్వము శాంబుడను రాజు తామరకొలనిలో ఒక రాజహంసను తామరతూడుతో బంధించి శాపగ్రస్తుడైన కథ చెప్పెను. రెండు ముహూర్తముల బంధనమునకు ఫలము మరుజన్మమున రెండు మాసముల సంకెల, ప్రియావియోగము. దంపతులిరువురకు జాతిస్మరత్వము మాత్రము వరము. ఆ మాటలు వినినంతనే అవంతిసుందరికిని తాను శాంబుని భార్య యజ్ఞవతినన్న స్మృతి కలిగెను. ఇచట గమనింపవలసినది యొకటి కలదు. ఈ జన్మమున వారు శత్రువుల సంతానము, పూర్వజన్మమున దంపతులు. తండ్రుల వైరము అడ్డగించిన వలపునకు ఆ స్మృతి వైరముకంటె పాతదైన హక్కును సమకూర్చినది.

కనకలేఖ స్థితి వేరు. కళింగరాజు కర్దనుడు సకుటుంబముగా సముద్రతీరమున విహరించుచుండగా ఆంధ్రరాజు జయసింహుడు నౌకాబలముతో వచ్చి వారిని చెరపట్టెను. కనకలేఖను పెండ్లాడగోరిన అతనికి, ఆమెను యక్షుడు ఆవేశించెనను వార్త అడ్డుపడినది. ఆమె మనసెరిగిన మంత్రగుప్తుడు జటాధారియై సరస్తీరవనమున నిలిచి, కొలనిలో మునిగినచో నూతనదేహము లభించునని రాజును నమ్మించెను. నీటిలో అతనిని చంపి, తానే రూపుమారిన రాజునని వెలికివచ్చి, కర్దనుని విడిపించి ఆమెను వివాహమాడెను.

ఆ సరస్సు సముద్రమువలె విశాలమైనదనియు, హంసలతో సారసములతో నిండినదనియు, నగరమునకు మిక్కిలి దాపున లేదనియు వర్ణన. ఆంధ్రనగరము వేంగి యనియు, సరస్సు కొల్లేరనియు చెప్పువారు కలరు. వేంగి శిథిలములు ఏలూరికి ఉత్తరమున సుమారు 12 కిలోమీటర్ల దూరమున పెదవేగిలో ఉన్నవి; కొల్లేరు ఏలూరికి దక్షిణమున నున్నది. 634 నాటి ఐహోళె శాసనమున యుద్ధరక్తముతో ఎరుపెక్కెనని చెప్పబడిన కునాల జలములు కొల్లేటివేయని చరిత్రకారుల భావన. 7వ శతాబ్దిలో జయసింహుడను తూర్పుచాళుక్యరాజు వేంగి నేలినమాటయు నిజమే. కాని నామసామ్యము మాత్రమే చరిత్రకు నిదర్శనము కాజాలదు. సరోవర వర్ణన ఈ ప్రాంతమునకు పొసగుచున్నదని చెప్పుటయే మాకు ఉచితముగా తోచుచున్నది.

రెండు కథలకును గల సంబంధమిపుడు స్పష్టము. ఉజ్జయినిలో ఐంద్రజాలికుడు విద్యేశ్వరుడు అవంతిసుందరీ రాజవాహనుల నిజవివాహమును రాజసభలోనే జరిపింపగా, మానసారుడు అది ఇంద్రజాలమనుకొనెను. ఆంధ్రసరస్తీరమున జరిగినది వట్టి కపటము. ప్రజలు దానిని సత్యమనుకొనిరి. ఒకచోట నిజము మాయవేషము ధరించినది; వేరొకచోట మాయ నిజమువేషము ధరించినది. రెండుచోటులను రాజకన్య నోరువిప్పి చెప్పలేని మాటను అద్భుతమే చెప్పినది: ఒకతెకు అంగీకారము, మరియొకతెకు నిరాకరణము. చెరలోనున్న కన్యకు ‘ఒల్లను’ అను స్వాతంత్ర్యము లేదు, యక్షునికి కలదు.

ఈ ప్రయోజనము పిదపటి తెలుగువారి కల్పనలోను కానవచ్చును. 16వ శతాబ్దిలో పింగళి సూరన ‘కళాపూర్ణోదయము’న కలభాషిణి మధురలాలసగా, మణికంధరుడు కళాపూర్ణుడుగా మరల పుట్టి దంపతులైరి. 1964లో ఆదుర్తి సుబ్బారావు తీసిన ‘మూగమనసులు’ చిత్రమున గోదావరిపై నవదంపతులకు తోచిన పూర్వజన్మము పడవవానిది, జమీందారు కూతురిది. 1967లో ఆదుర్తియే దీనిని ‘మిలన్’ పేర హిందీలో తీసెను. ఇచట భేదమొకటి కలదు. రాజవాహనునకు పూర్వజన్మము ఈ జన్మపు వివాహమునకు బలమిచ్చినది. పడవవానికి ఈ జన్మమున తావే లేక మరుజన్మము కావలసివచ్చినది. శత్రుత్వముకంటె అంతస్తుల భేదమే దాటరానిదైనదని దీనివలన తేలుచున్నది.

కావున జన్మాంతర ప్రణయకథలను మూఢవిశ్వాసములని త్రోసిపుచ్చుటయు, కర్మసిద్ధాంతమునకు ఉదాహరణములని మాత్రమే గ్రహించుటయు రెండును అసమగ్రములు. ఆయా కాలములందు యువతీయువకుల వలపునకు ఏ గోడలు అడ్డునిలిచెనో ఈ కథలు తెలుపుచున్నవి. పరిశోధకులు పూర్వజన్మ వృత్తాంతము కనబడినపుడెల్ల, ఈ జన్మమున చెప్పరానిదేదియని ముందుగా ప్రశ్నించుకొనుట మేలు.