పరిహార వనీకరణ

గనులు, రహదారులు, జలాశయాల కోసం అటవీభూమిని మళ్లించినప్పుడు, ఆ నష్టానికి బదులుగా మరోచోట అడవి పెంచే ఏర్పాటు. భారతదేశంలో దీనికి ఆధారం 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం. సాధారణంగా కోల్పోయినంత విస్తీర్ణంలో అటవీయేతర భూమి ఇవ్వాలి. కొన్ని సందర్భాల్లో క్షీణించిన అడవిలో రెట్టింపు మేర మొక్కలు నాటవచ్చు. మొక్కల ఖర్చుతోపాటు అడవి నికర ప్రస్తుత విలువనూ (అడవి ఇచ్చే సేవలకు కట్టే వెల) అనుమతి పొందిన సంస్థే చెల్లిస్తుంది. 2016 నాటి పరిహార వనీకరణ నిధి చట్టం ప్రకారం ఈ సొమ్ములో 90 శాతం రాష్ట్రాలది, 10 శాతం జాతీయ నిధిది.

నష్టాన్ని ముందు తప్పించాలి, వీలుకాకపోతే తగ్గించాలి. పరిహారం ఆఖరి మార్గం. ఆచరణలో చాలాసార్లు అదే మొదటిదవుతోంది. హెక్టార్ల లెక్క సరిపోయినంత మాత్రాన అడవి తిరిగి రాదు. ఉదాహరణకు, గ్రేట్ నికోబార్ దీవిలో ఓ ప్రాజెక్టు కోసం మళ్లించే సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవికి పరిహారంగా హరియాణాను ఎంచుకున్నారు. దీవిలోని వర్షారణ్యం, తీరపు పొదల్లో గూడుదిబ్బలు కట్టే మెగాపోడ్ పక్షులు ఆ మెట్టనేలలో బతకవు.